ఒంటికి పడని లోహము – నికెలు చరిత్ర

వేసవి దినములలో చేతి గడియారము విప్పి చూచినచో, దాని వెనుక బిళ్ళ తగిలిన చోట కొందరికి ఎర్రని మచ్చ కనిపించును. కొందరికి లాగు గుండీ తగులు చోట, బొడ్డు క్రింద, విడువని దురద పుట్టును. గిల్టు కమ్మలు పెట్టుకొన్న బాలికకు రెండు మూడు దినములలో చెవి తమ్మెలు వాచి రసి కారుట అనేక గృహములలో చూచునదే. దానిని చూచి ఇంటి పెద్దలలో ఒకరు "వేడి చేసినది" అందురు. మరొకరు "కుట్టిన చేయి మంచిది కాదు" అందురు. ఇంకొకరు "ఆ సొమ్ము దాని ఒంటికి పడలేదు" అందురు. ఈ మూడు మాటలలో కడపటిది శాస్త్రమునకు మిక్కిలి దగ్గరగా నున్నది. కాని పడకపోవుట యనగా నేమి? సొమ్ములో పడనిది ఏది? అదే సొమ్ము పొరుగింటి బాలికకు ఏల పడినది? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుటకు వైద్యులకును, రసాయన శాస్త్రజ్ఞులకును నూరేండ్లకు పైగా పట్టినది.

ఇట్టి సందర్భములలో ఎక్కువగా దోషిగా తేలునది నికెలు అను లోహము. మూలకముల పట్టికలో దీని సంఖ్య 28. ఇది వెండివలె తెల్లగా మెరయును. సులభముగా తుప్పు పట్టదు. ఇతర లోహములతో చక్కగా కలియును. తాళపు చెవులు, గుండీలు, పిన్నీసులు, కళ్ళద్దాల చట్రములు, గడియారపు పట్టాలు, చౌక నగలు, నాణెములు – వీనిలో అనేకము నికెలు పూత గలవియో, నికెలు కలిసినవియో అయియుండును. తగిలిన చోట చర్మమునకు ఎలర్జీ కలిగించు పదార్థములలో ప్రపంచమంతట మొదట చెప్పదగినది నికెలే. ఒక లోహము ఇంత ఉపయోగకరమై, ఇంతమందికి బాధాకరమెట్లయ్యెనో తెలిసికొనవలెనన్న దాని చరిత్రను మొదటినుండి చూడవలెను.

గనిలోని దయ్యము

జర్మనీ దేశమున సాక్సనీ ప్రాంతపు కొండలలో పూర్వము వెండి, రాగి గనులు త్రవ్వు పనివారికి ఒక ఎర్రని ఖనిజము దొరకుచుండెడిది. రంగు చూచి అది రాగి ఖనిజమని వారు సంబరపడెడివారు. కొలిమిలో పెట్టి ఎంత కాల్చినను రాగి వచ్చెడిది కాదు. పైగా దానినుండి వెలువడు పొగ వారిని రోగగ్రస్తులను జేసెడిది. అది నికెలును పాషాణమును కలిసిన ఖనిజమని, ఆ పొగలో నున్నది పాషాణ విషమని వారికి తెలియదు. నికెల్ అనునది అచ్చటి జానపదుల కథలలో ఒక కొంటె దయ్యము పేరు. తమ రాగిని ఆ దయ్యమే మాయము చేయుచున్నదని తలచి వారా ఖనిజమునకు "కుప్ఫెర్ నికెల్", అనగా "రాగి దయ్యము" అని పేరు పెట్టిరి.

1751లో స్వీడను దేశమున ఆక్సెల్ ఫ్రెడ్రిక్ క్రోన్‌స్టెట్ అను ఖనిజ శాస్త్రజ్ఞుడు, లోస్ అను ఊరి కోబాల్టు గనిలో దొరికిన ఇట్టి ఖనిజమును పరీక్షించెను. ఆయనకు దానినుండి రాగికి బదులుగా ఒక గట్టి తెల్లని లోహము లభించెను. అయస్కాంతము దానిని ఆకర్షించెను. అది అంతవరకు ఎవరును ఎరుగని మూలకమని క్రోన్‌స్టెట్ ప్రకటించి, పాత పేరులోని రాగిని విడిచి దయ్యమును మాత్రము నిలిపి, నికెలు అని నామకరణము చేసెను. అది మూలకము కాదు, తెలిసిన లోహముల మిశ్రమమే యని కొందరు వాదించిరి. 1775లో టోర్‌బెర్న్ బెర్గ్‌మన్ అను మరొక స్వీడిషు శాస్త్రజ్ఞుడు దానిని మరింత శుద్ధిచేసి క్రోన్‌స్టెట్ మాటయే నిజమని నిరూపించెను.

వెండి వేషము

పేరు పుట్టక ముందే నికెలు మనుష్యుల చేతులలో మెలగినది. క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దమున బాక్ట్రియాను ఏలిన యవన రాజులు కొందరు రాగి, నికెలు కలిసిన నాణెములు ముద్రించిరి. చైనావారు "తెల్లరాగి" యని పిలిచెడి మిశ్రలోహములో రాగి, తుత్తునాగములతోపాటు నికెలును ఉండెడిది. ఈ తెల్లరాగి సామానులు ఐరోపాకు వచ్చి ధనికుల మనస్సును ఆకర్షించెను. దానిని తామును చేయవలెనని జర్మనీలో పలువురు ప్రయత్నించి 1820 తరువాతి సంవత్సరములలో సఫలులైరి. అదియే నేటికిని మన అంగళ్ళలో పూజా సామగ్రిగాను, కానుకలుగాను దొరకు జర్మను సిల్వరు. ఆ పేరులో తప్ప అందులో వెండి లేదు.

19వ శతాబ్దము నడుమ విద్యుత్తు సహాయముతో ఒక లోహముపై మరొక లోహపు పూత పూయు పద్ధతి వ్యాప్తిలోనికి వచ్చెను. నికెలు లవణ ద్రావణములో ఇనుప వస్తువును గాని ఇత్తడి వస్తువును గాని వ్రేలాడదీసి విద్యుత్తును ప్రసరింపజేసినచో, దానిపై నికెలు పలుచని పొరగా పేరుకొనును. 1869లో అమెరికాలోని బోస్టను వాడైన ఐజాక్ ఆడమ్స్ అను నతడు ఈ పనికి అనువైన ద్రావణమునకు పేటెంటు పొందెను. అంతటితో ఈ పూత పెద్ద పరిశ్రమగా మారెను. న్యూ కలెడోనియా ద్వీపములోను, 1883 తరువాత కెనడాలోని సడ్‌బరీలోను గొప్ప నికెలు గనులు బయల్పడుటచే ఆ లోహము చవుకయ్యెను. సామాన్యుని ఇంటిలో చెంచా, గొళ్ళెము, గుండీ మొదలైనవన్నియు వెండివలె మెరయసాగెను.

నాణెముల సంగతియు అట్టిదే. వెండి ప్రియమైనప్పుడెల్ల ప్రభుత్వములు నికెలును ఆశ్రయించినవి. మన దేశమున 1907లో రాగి, నికెలు కలిసిన అణా నాణెము వెలువడెను. మొదటి ప్రపంచ యుద్ధకాలమున వెండి కరవగుటచే 1918, 1919 సంవత్సరములలో రెండణాలు, పావలా, అర్ధరూపాయలును అదే మిశ్రలోహముతో చేయబడినవి. 1947లో రూపాయి బిళ్ళయే శుద్ధ నికెలుతో ముద్రింపబడెను. 1957లో వచ్చిన దశాంశ పద్ధతిలో తరువాత వెలువడిన 25, 50 నయాపైసలు నికెలువే. ఈ విధముగా ఒకటి రెండు తరములలో ఈ లోహము ప్రతివాని జేబులోనికిని, ఒంటిమీదికిని చేరెను.

లేపన కర్మశాలలో గజ్జి

ఈ మెరుపునకు మూల్యమును మొదట చెల్లించినవారు ఆ పూత పూయు పనివారు. రోజంతయు వారి చేతులు వెచ్చని నికెలు ద్రావణములలో తడియుచుండెడివి. వస్తువులను శుభ్రపరచు ఆమ్లములు, క్షారములు చర్మమును పగులగొట్టుచుండెడివి. వ్రేళ్ళ సందులలో దురద మొదలై, పొక్కులు లేచి, రసి కారుచు మోచేతుల వరకు ప్రాకెడిది. కొందరు పని మానుకొనవలసి వచ్చెడిది. జర్మనీలోని పనివారు దీనిని "నికెలు గజ్జి" యని పిలిచిరి. కాని నిజమైన గజ్జి వంటిది కాదిది. ఒకరినుండి మరొకరికి అంటదు.

1889లో బెర్లిను నగరపు వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ బ్లాష్కో ఈ పనివారి చర్మవ్యాధిని వర్ణించి వ్రాసెను. ఇది లేపన వృత్తి వలన కలుగు వ్యాధి యని తెలిసినది గాని, అన్ని ద్రవ్యముల మధ్య పని చేయువానికి బాధ కలిగించినది ఏది? ఆమ్లమా, క్షారమా, నికెలు లవణమా? అంతకంటె ఆశ్చర్యకరమైన దొకటి కలదు. ఒకే తొట్టి దగ్గర నిలిచి ఒకే పని చేయువారిలో ఒకనికి చేతులు పుండ్లు పడగా, ప్రక్కవానికి ఏమియు కాదు. విషమే యైనచో ఇద్దరిని బాధింపవలెను గదా! పనివాని దౌర్బల్యమనియో, అపరిశుభ్రత యనియో అనుకొన్నంత కాలము ఈ చిక్కు విడలేదు.

వీపుపై పరీక్ష

చిక్కు విడుటకు మార్గము మరొక లోహమువలన దొరికెను. ఆ కాలమున పాదరసపు మందులు విరివిగా వాడెడివారు. కొందరు రోగులకు అవి పూసినంతనే ఒళ్ళు పొక్కుచుండెడిది. జోసెఫ్ యాడసాన్ అను చర్మ వైద్యుడు అట్టి రోగి చర్మముపై కొంచెము పాదరసపు లేపనమును గుడ్డముక్కతో అంటించి యుంచి, ఆ చోట మాత్రమే వ్యాధి పుట్టుటను చూచెను. ఈ సంగతి ఆయన 1895లో గ్రాజ్ నగరమున జరిగిన చర్మవైద్యుల సభలో వెల్లడించెను. అనుమానమున్న పదార్థమును చర్మముపై కొద్దిగా అంటించి, అది పడునో పడదో చర్మమునే అడుగుట ఈ పరీక్షలోని కిటుకు.

1906లో వియన్నాకు చెందిన క్లెమెన్స్ ఫాన్ పిర్కె "ఎలర్జీ" అను పదమును కల్పించెను. ఒక పదార్థముతో పరిచయమైన తరువాత శరీరము దానియెడల మునుపటివలె గాక వేరు విధముగా ప్రవర్తించుట అని దాని అర్థము. ఇతరులకు ఏ హానియు చేయని పదార్థము ఒకనికి బాధాకరమగుట ఎట్లు సాధ్యమో చెప్పుటకు ఈ భావము దారి చూపెను.

1925లో జర్మనీలోని కీల్ నగరమున షిట్టెన్‌హెల్మ్, స్టాకింగర్ అను ఇద్దరు వైద్యులు నికెలు గజ్జి గల పనివారి చర్మముపై నికెలు లవణముతో ఇట్టి పరీక్ష చేసిరి. వ్యాధిగలవారి చర్మము పొక్కినది. నికెలు పడినవారి చర్మమునకు ఏమియు కాలేదు. దీనితో వ్యాధికి కారణము నికెలు అనియు, అది విషముగా గాక ఎలర్జీ కారణముగా పనిచేయుచున్నదనియు స్థిరపడెను. తొట్టి దగ్గరి ఇద్దరు పనివారికి గల భేదము వారి పరిశుభ్రతలో లేదు. వారి శరీరములు నికెలును "నేర్చుకొనుట"లో నున్నది.

నేటికిని వైద్యులు ఈ పరీక్షనే చేయుచున్నారు. ఐరోపాలో వాడుక ప్రకారము, నూటికి అయిదు పాళ్ళు నికెలు సల్ఫేటు కలిపిన వేసలీను వంటి లేపనమును చిన్న బిళ్ళలో నుంచి, వీపుపై రెండు దినములు అంటించియుంతురు. తీసిన నాడును, మరి ఒకటి రెండు దినముల తరువాతను చూతురు. ఆ చోట ఎర్రబడి, ఉబ్బి, సన్నని పొక్కులు లేచినచో నికెలు పడదని నిర్ణయింతురు.

శరీరము నేర్చుకొను పాఠము

నికెలు ముక్కగా నున్నంతవరకు చర్మమునకు దానివలన ఎలర్జీ లేదు. చెమటలో ఉప్పును, కొద్దిపాటి ఆమ్లమును కలవు. అవి నికెలును మెల్లమెల్లగా కరగించును. అట్లు కరిగిన నికెలు అయానులు చర్మపు పైపొరలోనికి దిగును. ఎండకాలమున, చెమట నిలుచు చోటులందు, బాధ అధికమగుటకు కారణమిదే.

నికెలు అయాను అతి సూక్ష్మమైనది. దేహరక్షక కణములు దానిని ఒంటరిగా గుర్తింపలేవు. అది చర్మములోని మాంసకృత్తులతో జతపడినపుడు వానికి పరాయి రూపు కలిగించును. చిన్న రసాయన పదార్థములు ఇట్లు పెద్ద అణువులకు తగులుకొని దేహమును రెచ్చగొట్టునని కార్ల్ లాండ్‌స్టైనర్ పరిశోధనలవలన తెలిసినది. రక్తమునందలి వర్గములను కనుగొని 1930లో నోబెల్ బహుమానము పొందిన శాస్త్రజ్ఞుడీయనే. 1942లో ఆయనయు, మెరిల్ చేజ్ అను సహచరుడును గినీ పందులపై చేసిన ప్రయోగములలో, చర్మపు ఎలర్జీ ఒక జంతువునుండి మరొక జంతువునకు రక్తరసముతో గాక సజీవ కణములతో సంక్రమించునని చూపిరి. ఆ కణములు శ్వేతకణములలో టి కణములను తెగవని తరువాత తేలినది.

చర్మములో కావలివాండ్రవంటి కణములు కొన్ని గలవు. 1868లో బెర్లినులో వైద్య విద్యార్థిగా నున్న పాల్ లాంగర్‌హాన్స్, చర్మపు తునుకలకు బంగారపు లవణముతో రంగు పట్టించి చూచి, చుక్కవలె కొమ్మలు చాచిన ఆ కణములను కనుగొనెను. అవి నరములకు సంబంధించినవని ఆయన తలచెను. అవి దేహరక్షణకు సంబంధించినవని నూరేండ్లకు గాని తెలియలేదు. ఈ జాతి కణములు నికెలు తగిలిన మాంసకృత్తుల ఆనవాళ్ళను మోసికొని సమీపపు లసీకా గ్రంథులకు పోయి, అచ్చటి టి కణములకు చూపును. ఆ ఆనవాలు పట్టగల కణములు వృద్ధిచెంది జ్ఞాపకము గలవై దేహమంతట సంచరించును. ఇదంతయు కొన్ని దినములలో గాని, కొన్ని వారములలో గాని జరుగును. ఆ సమయమున పైకి ఏ బాధయు కనిపింపదు. ఆ పిదప నికెలు మరల తగిలినచో, ఒకటి రెండు దినములలో ఆ కణములు గుమిగూడి వాపును, దురదను పుట్టించును.

ఇందులో రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, "ఇన్నాళ్ళు పెట్టుకొన్న సొమ్మే గదా, ఇప్పుడెట్లు పడకపోవును?" అను ప్రశ్నకు సమాధానము ఇందు గలదు. పాఠము పూర్తియగువరకు శరీరము ఊరకుండును. రెండవది, ఒకసారి నేర్చిన పాఠమును శరీరము సాధారణముగా జీవితాంతము మరువదు. పొక్కులు మాన్పుటకు మందులు కలవు గాని ఆ జ్ఞాపకమును తుడిచివేయు మందు లేదు. కావున దీనిలో చికిత్సకంటె నివారణయే ముఖ్యము.

నికెలుకే ఇంతటి శక్తి ఏల? సాధారణ పరిస్థితులలో చిట్టెలుకలకు ఈ ఎలర్జీ కలుగదు. కారణము 2010లో జర్మనీ శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. సూక్ష్మజీవుల రాకను పసిగట్టుటకు మన కణములపై టి.ఎల్.ఆర్. 4 అను గ్రాహకమొకటి గలదు. మానవుల గ్రాహకములో హిస్టిడిన్ అను అమైనో ఆమ్లములు కొన్ని చోటుల నున్నందున నికెలు నేరుగా దానికి తగులుకొని, సూక్ష్మజీవి వచ్చినట్లు బొంకు సందేశము పంపును. ఎలుకల గ్రాహకములో ఆ చోట అవి లేవు. గనిపనివారిని మోసపుచ్చిన దయ్యము మన కణములను గూడ మోసపుచ్చుచున్నదన్నమాట.

మారిన చోటులు

పరిశ్రమలలో యంత్రములును, చేతి తొడుగులును వచ్చిన తరువాత లేపన పనివారి బాధ తగ్గెను. కాని వ్యాధి పోలేదు; చోటు మార్చుకొన్నది. 1956లో లండనులో చార్లెస్ కాల్నన్ అను చర్మ వైద్యుడు నికెలు రోగులను పెక్కుమందిని పరీక్షించి గొప్ప వ్యాసము ప్రకటించెను. వారిలో స్త్రీలే అధికము. వారి మేజోళ్ళను పట్టియుంచు లోహపు కొక్కెములు తగులు తొడలపై వ్యాధి మొదలగుచుండెను. పిమ్మట లోహము తగులని కనురెప్పలు, మెడ, మోచేతి మడతలలో గూడ పొక్కులు లేచుచుండెను. అట్టి కొక్కెములు వాడుకనుండి తొలగగా, 1970 ప్రాంతములలో జీన్సు లాగుల గుండీలు వచ్చి బొడ్డు క్రింద మచ్చ పెట్టినవి. చౌక కమ్మలు వ్యాపించిన కొలది చెవి తమ్మెలు ముఖ్యస్థానమైనవి. 2000 నుండి చేతి ఫోనుల లోహపు అంచులు తగిలిన చెక్కిళ్ళపై గూడ వైద్యులు ఇట్టి మచ్చలను గుర్తించిరి. వ్యాధి పటమును చూచినచో ఆయా కాలముల వేషధారణ చరిత్రయే కనిపించును.

1979లో ఫిన్లండు దేశమున 980 మంది సామాన్య ప్రజలను పరీక్షింపగా, స్త్రీలలో నూటికి ఎనిమిదిమందికి నికెలు పడలేదు. పురుషులలో నూటికి ఒకరు కూడ లేరు. ఇది స్త్రీ చర్మము సున్నితమగుటవలన కాదు. ముఖ్యకారణము చెవులు కుట్టించుకొనుట. మామూలు చర్మపు పైపొర గట్టి గోడవంటిది. అప్పుడే కుట్టిన చెవిలో ఆ గోడ లేదు. పుండు మానువరకు దినముల తరబడి లోహము దేహరసములలో నానుచు నికెలును నేరుగా లోపలికి విడుచును. నికెలు పాఠము శరీరము నేర్చుటకు ఇంతకంటె అనువైన పరిస్థితి లేదు.

కొలతకు వచ్చిన చట్టము

లోహములో నికెలు ఎంత ఉన్నదన్నది ముఖ్యము కాదు. ఎంత కరిగి బయటికి వచ్చుచున్నదన్నది ముఖ్యము. మన వంటింటి స్టీలు సామానులో నూటికి ఎనిమిది పాళ్ళ నికెలు ఉండవచ్చును. అయినను దానిలోని క్రోమియము ఉపరితలముపై కంటికి కనబడని ఆక్సైడు పొరగా ఏర్పడి నికెలును బయటికి రానీయదు. అందుచే స్టీలు గ్లాసు పట్టుకొన్నవారికి చేయి పొక్కదు. ఒక పిన్నీసుపై అతి పలుచని నికెలు పూత మాత్రమే యుండవచ్చును. కాని అది చెమటలో త్వరగా కరగును.

ఈ సూత్రముపై డెన్మార్కు ప్రభుత్వము ప్రపంచమునకు దారి చూపెను. చర్మమునకు చాలసేపు తగిలియుండు వస్తువులు, చదరపు సెంటీమీటరుకు వారమునకు 0.5 మైక్రోగ్రాముకు మించి నికెలును విడువరాదని 1990 నుండి అచ్చట నిబంధన అమలులోనికి వచ్చెను. మైక్రోగ్రామనగా గ్రాములో పది లక్షలవ వంతు. 1994లో ఐరోపా సంఘము అదే హద్దును తన దేశములన్నింటికి విధించగా, 2001 నాటికి పూర్తిగా అమలయ్యెను. కుట్టిన చెవిలో దూర్చు తీగెలకు ఇంకను తక్కువ హద్దు, 0.2 మైక్రోగ్రాము, తరువాత నిర్ణయింపబడెను. వస్తువును పరీక్షించుటకు ఉప్పు, లాక్టికామ్లము, యూరియా కలిపిన కృత్రిమపు చెమటలో దానిని వారము దినములు నానబెట్టి, కరిగిన నికెలును కొలుతురు.

ఫలితమేమి? డెన్మార్కు పాఠశాల బాలికలను పరీక్షించి 2002లో ప్రకటించిన లెక్కలలో, నిబంధనకు ముందు చెవులు కుట్టించుకొన్న వారిలో నూటికి సుమారు 17 మందికి నికెలు పడలేదు. నిబంధన తరువాత కుట్టించుకొన్న వారిలో నూటికి నలుగురికే అట్లున్నది. మందు లేదు, టీకా లేదు. లోహమును మార్చినంతనే వ్యాధి తగ్గెను.

నాణెముల చిక్కు

అదే 2002లో ఐరోపాలో యూరో నాణెములు చెలామణిలోనికి వచ్చెను. 10, 20, 50 సెంట్ల నాణెములను రాగి, అల్యూమినియము, తుత్తునాగము, తగరములతో నికెలు లేకుండ చేసిరి. ఒకటి, రెండు యూరోల నాణెములు మాత్రము రెండు మిశ్రలోహములను వలయముగాను, నడిమి బిళ్ళగాను కూర్చి చేసినవి. రెండింటిలోను నికెలు గలదు. చెమట తగిలినప్పుడు ఈ రెండు లోహముల నడుమ చిన్న విద్యుత్ ఘటమువంటిది ఏర్పడి, నికెలు త్వరగా కరగునని స్విట్జర్లండు, జర్మనీ దేశముల శాస్త్రజ్ఞులు ఆ సంవత్సరమే ప్రకటించిరి. కృత్రిమపు చెమటలో నుంచినపుడు అవి ఐరోపా హద్దునకు 240 నుండి 320 రెట్ల నికెలును విడిచినవి.

అయినను దీనిని చూచి నాణెము ముట్టుటకే భయపడ నక్కరలేదు. ఆ హద్దు చర్మమునకు చాలసేపు అంటియుండు వస్తువులకు విధించినది. సంతలో చిల్లర తీసికొనునది క్షణకాలము. నాణెములను రోజంతయు లెక్కించువారి సంగతి వేరు. వారి వ్రేళ్ళపై నికెలు పేరుకొనును. అందు ఇదివరకే నికెలు పడనివారికి చేతి పొక్కులు ముదురవచ్చును. స్వీడను దేశము 2016లో తన కొత్త నాణెములన్నింటిని నికెలు లేకుండ చేసెను. మన దేశమున 1988 నుండి చిన్న నాణెములును, 1992 నుండి రూపాయి బిళ్ళయు ఇనుము, క్రోమియములు గల స్టీలుతో వచ్చినవి. చర్మము కొరకు కాకపోయినను, నికెలు దాదాపు లేని ఈ లోహము చేతికి మేలే చేసినది.

ఇంటిలోను, పాఠశాలలోను

లోహము తగిలిన చోట కలుగు ప్రతి మచ్చయు నికెలు ఎలర్జీ కాదు. రాగి ఉంగరము క్రింద వ్రేలు పచ్చబడుట చిలుము వలన. అది కడిగినచో పోవును. బిగుతైన ఉంగరము క్రింద సబ్బు నీరు నిలిచి చర్మము ఒరసి ఎర్రబడుట ఎవరికైనను కలుగును. తడి లేకుండ తుడిచి, ఉంగరము కొన్నాళ్ళు తీసినచో తగ్గును. ఎలర్జీ యైనచో ఏ లోహముతో వచ్చినదో దాని జాతి వస్తువు ఎచ్చట తగిలినను మరల వచ్చును. అనుమానము కలిగినపుడు చర్మ వైద్యునిచే వీపు పరీక్ష చేయించుకొనుట ఉత్తమము.

వస్తువును పరీక్షించుటకు రసాయన శాస్త్రమున ఒక అందమైన ఉపాయము గలదు. 1905లో రష్యా రసాయనజ్ఞుడు లెవ్ చుగాయెవ్, డైమిథైల్ గ్లయాక్సైమ్ అను పదార్థము నికెలుతో కలిసి ఎర్రని అవక్షేపమునిచ్చునని కనుగొనెను. దూదికి ఈ పదార్థపు ద్రావణమును, కొంచెము అమ్మోనియా ద్రావణమును తడిపి వస్తువుపై అర నిమిషము రుద్దినచో, నికెలు విడుచు వస్తువైతే దూది గులాబి రంగునకు మారును. ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో, ఉపాధ్యాయుని పర్యవేక్షణలో, గాలి బాగుగా వీచు చోట దీనిని చేసి చూపవచ్చును. విద్యార్థుల తాళపు చెవులు, పాత నాణెములు, పిన్నీసులు, స్టీలు చెంచాలు వరుసగా పరీక్షించినచో, నికెలు ఉండుటకును నికెలు విడుచుటకును గల భేదము కండ్లకు కట్టును.

తెలుగునాట పసిపిల్లలకు చెవులు కుట్టించుట ఒక వేడుక. పూర్వము కంసాలి బంగారు తీగెతో కుట్టి, పుండు మానువరకు దానినే యుంచెడివాడు. ఆ ఆచారము ఎలర్జీ నెరిగి ఏర్పడినది కాదు. అయినను బంగారములో వెండి, రాగి మాత్రమే కలిసియున్నంతవరకు ఆ పుండులోనికి నికెలు ప్రవేశింపదు. నేడు అంగడిలో చౌక కమ్మతో కుట్టించుటయు, పుండు మానకముందే గిల్టు కమ్మలు మార్చుటయు పరిపాటియైనది. తెల్ల బంగారములో గూడ నికెలు ఉండవచ్చును. మొదటి కమ్మ మేలిమి బంగారముదో, టైటేనియముదో, నికెలు విడువదని పరీక్షింపబడినదో అయి, పుండు పూర్తిగా మానువరకు చెవిలో నుండవలెను. ముచ్చటైన గిల్టు కమ్మలు ఆ తరువాత కొద్దిసేపు పెట్టుకొన్నను అంత ముప్పు లేదు. చెవి కుట్టిన ఆ కొన్ని వారములలో శరీరము ఏ పాఠము నేర్చునో, ఆ బాలిక పెద్దదై గడియారము కట్టుకొన్నను, కళ్ళద్దాలు పెట్టుకొన్నను దానినే అప్పగించును.